లాబ్రడార్, పగ్: ఈ రెండు కుక్క జాతుల్లో దేన్ని పెంచడం తేలిక?

సైజు చూసి పగ్ తేలికనుకుంటారు గానీ, రోజువారీ శుభ్రత పని దానికే ఎక్కువ. ముక్కు మీది ముడతల్లో తేమ నిలిస్తే చర్మం ఎర్రబడి వాసన వస్తుంది. రోజూ తడిగుడ్డతో ముడత లోపల తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. తడి వదిలేస్తే తుడవకపోవడం కన్నా నష్టం. కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి చిన్న గీత పడినా పుండవుతుంది. కన్ను సగం మూసుకుని చూస్తుంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ముక్కు పొట్టి కావడంతో ఎండలో ఒళ్లు చల్లబరచుకోలేదు. చల్లటి వేళల్లో ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు నడిపిస్తే చాలు. మెడపట్టీ వద్దు, ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.

లాబ్రడార్‌కు కావలసింది మీ సమయం. పెద్దయ్యాక రోజుకు గంటన్నర నుంచి రెండు గంటలు పరుగు, ఆట లేకపోతే చెప్పులూ సోఫాలూ కొరికేస్తుంది. ఈతకొట్టాక చెవులు ఆరబెట్టాలి. తిండికి హద్దు తెలియని జాతి, గిన్నె కొలిచే పెట్టండి. బరువు పెరిగితే తుంటి కీళ్లు దెబ్బతింటాయి.

జుట్టు రాలడంలో మాత్రం రెండూ రెండే! పగ్ జుట్టు పొట్టిదని మోసపోకండి.