షీట్ ఫిల్మ్‌కి డెవలపర్ ఇంట్లో కలుపుకోవడం గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

షీట్ ఫిల్మ్‌కి, అంటే రోల్‌గా కాక విడివిడి ముక్కలుగా వచ్చే ఫిల్మ్‌కి, బొమ్మ తేల్చే ద్రావణం (డెవలపర్) ఇంట్లోనే చేసుకుంటానని, మొదటిసారే డి-76 అనే డెవలపర్ కలుపుతానని రాశావు. వద్దు నాయనా, డి-23తో మొదలుపెట్టు. డి-76లో నాలుగు కెమికల్స్ ఉంటాయి. ఏదైనా తేడా కొడితే దేనివల్లో తేలదు. పైగా దాన్ని కలిపి దాచితే, అందులోని హైడ్రోక్వినోన్ అనే కెమికల్ మెల్లగా ఆక్సిడైజ్ అవుతూ క్షారగుణం పెరిగి, కొన్నాళ్లకి డెవలపర్ జోరెక్కుతుంది. అదే టైమింగ్‌కి నెగటివ్ ఉన్నట్టుండి మరీ నల్లగా, దట్టంగా వస్తే నీకు అంతుపట్టదు. డి-23 కూడా కోడాక్ వాళ్ల ఫార్ములాయే. ఉండేవి రెండే: బొమ్మ తేల్చే పొడి మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు. నీళ్లతో కలిపి మొత్తం లీటరు.

కొనేటప్పుడు పేరు కూడబలుక్కుని చదువు. ఐత్వం కాస్తా ఏత్వమైతే సల్ఫైట్ సల్ఫేట్ అయిపోతుంది, దాంతో డెవలపర్ కాదు. బైసల్ఫైట్, థయోసల్ఫేట్ కూడా వేరే సరుకులే. డబ్బా మీద అన్‌హైడ్రస్ (నీరు లేనిది) అని ఉండాలి. హెప్టాహైడ్రేట్ స్ఫటికాలు దొరికితే వాడుకోవచ్చు గానీ వాటి బరువులో సగం నీళ్లే, కాబట్టి 200 గ్రాములు వెయ్యాలి. మెటాల్ తెల్లగా ఉండాలి. గోధుమరంగుకి తిరిగినదాన్ని ముట్టుకోకు.

తూకానికి గ్రాములో పదోవంతు చూపించే కాటా కావాలి. చెంచా కొలతలు మెటాల్ దగ్గర అస్సలు పనికిరావు. చేతులకి నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. మెటాల్ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక ఎప్పటికీ పడదు. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపు, మాస్కు పెట్టుకో.

ఇక కలపడం. 750 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ 50 డిగ్రీల వరకు వేడిచెయ్యి, మరగనివ్వకు. ఉప్పునీళ్లు, బోరు నీళ్లు వాడితే అందులోని కాల్షియం సల్ఫైట్‌తో కలిసి మడ్డి కడుతుంది. ముందు తూచిన సల్ఫైట్‌లోంచే ఒక్క చిటికెడు నీళ్లలో వెయ్యి. ఆ తర్వాత మెటాల్ మొత్తం. అది పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్, కొంచెం కొంచెంగా. అందరూ తప్పేది ఈ వరసలోనే. సల్ఫైట్ అంతా ముందే పడితే ఆ చిక్కటి ద్రావణంలో మెటాల్ కరగనని మొరాయిస్తుంది, తెల్లటి రేకుల్లా తేలుతూ కూర్చుంటుంది. మరి ఆ చిటికెడు ఎందుకంటే, ఉత్త నీళ్లలో మెటాల్ గాలి తగిలి పాడవుతుంది, అది కాపలా. గాజుకడ్డీతో గుండ్రంగా తిప్పు, మజ్జిగ చిలికినట్టు చిలక్కు, గాలి కలుస్తుంది. కరిగాక చల్లటి నీళ్లు పోసి లీటరు చెయ్యి. ముదురు రంగు సీసాలో మూతిదాకా నింపి, తేదీ రాసి, రాత్రంతా కదపకుండా ఉంచు. సగం ఖాళీ సీసాలో త్వరగా పాడవుతుంది. పెద్ద సీసా ఒకటి కంటే చిన్నవి నాలుగు నయం. టీ రంగుకొస్తే పారబొయ్యి.

వాడేటప్పుడు సగం డెవలపర్, సగం నీళ్లు. ఒకసారి వాడి పారబోసెయ్యి. 4×5 అంగుళాల షీట్లు నాలుగంటే ఒక 35 ఎం.ఎం. రోల్ అంత వైశాల్యం. దానికి 250 మిల్లీలీటర్ల డెవలపర్, అంతే నీళ్లు లెక్కేసుకో. ప్రతిసారీ పనికిముందు ఒక ఫిల్మ్ ముక్క వెలుతురులోనే అందులో ముంచి చూడు. నల్లబడకపోతే మంచి షీట్లు బయటికి తియ్యకు.

ట్రేలో వేసేటప్పుడు పూర్తి చీకటి కావాలి. ఎర్రలైటు పాంక్రోమాటిక్ (అన్ని రంగుల వెలుతురుకీ స్పందించే) ఫిల్మ్‌కి కుదరదు. షీటు నిలువుగా పట్టుకుని, అంచున ఉండే చిన్న గాట్లు (నాచ్‌లు) పైన కుడిమూల వేలికి తగిలితే ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, నీవైపున్నట్టు. పాడైన షీట్లతో వెలుతురులో కళ్లు మూసుకుని పదిసార్లు సాధన చెయ్యి. డెవలపర్‌కి ముందు మామూలు నీళ్లలో ఒక్కొక్కటే ముంచి రెండు నిమిషాలు నాననివ్వు. పొడి షీట్లు ఒకదానిమీదొకటి పడితే అట్టల్లా అంటుకుపోతాయి, విడదీస్తే ఎమల్షన్ ఊడొస్తుంది. తర్వాత డెవలపర్‌లో ఎమల్షన్ పైకుండేలా వేసి, అడుగున ఉన్నది తీసి పైన పెడుతూ తిప్పుతూ ఉండు. పెట్టేటప్పుడు షీటు బల్లపరుపుగా దిగాలి. మూల వంగి దిగితే కిందిదాని మీద గీత పడుతుంది, అది ప్రింట్‌లో నల్లగీతై కూర్చుంటుంది. మొదటి రెండుమూడు సార్లు రెండేసి షీట్లు చాలు.

ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఓ మోస్తరు వేగపు ఫిల్మ్‌కి 10 నిమిషాలతో మొదలుపెట్టు. నీళ్లు 24 డిగ్రీలుంటే సుమారు 7 నిమిషాలు. ఎంత వేడైనా 5 నిమిషాల లోపుకి మాత్రం దిగకు, ఆకాశం మరకలు మరకలుగా వస్తుంది. దానికంటే ట్రేని చల్లటి నీళ్ల తొట్టెలో పెట్టడం మేలు. డెవలపర్ తర్వాత స్టాప్ (డెవలప్ అవడం ఆపేది), ఫిక్సర్ (బొమ్మని నిలిపేది) ట్రేలు ఆ వరసలోనే పెట్టు. ఫిక్సర్ తడి ఉన్న చెయ్యి డెవలపర్‌లో పడిందంటే ఆ బ్యాచ్ పోయినట్టే.

నెగటివ్ ఆరాక నీడలు, అంటే దృశ్యంలో చీకటిగా ఉన్న చోట్లు, చూడు. అక్కడ వివరమే లేకపోతే ఎక్స్‌పోజర్ చాలలేదు, డెవలపర్‌ని తిట్టకు. నీడలు బాగుండి, దృశ్యంలో వెలుగున్న చోట్లు నెగటివ్‌లో పలచగా ఉంటే రెండు నిమిషాలు పెంచు, మరీ దట్టంగా ఉంటే తగ్గించు. ఒకసారికి ఒక్క టైమింగే మార్చు, సీసా తేదీ, ఉష్ణోగ్రత పక్కనే రాసుకో.

ఇట్లు,
పెదనాన్న