కృష్ణజింక పోర్ట్రెయిట్‌లో ముఖం నల్లబడుతోంది, పదును రావడం లేదు: ఏం మార్చాలి?

మీరు అడిగినవి రెండు సంగతులు. 500 ఎంఎం లెన్స్‌తో మగ కృష్ణజింకను తీస్తే ముఖమంతా నల్లగా కలిసిపోతోంది, కంటి చుట్టూ ఉన్న తెల్లటి వలయం మాత్రం కాలిపోతోంది, అంటే వివరాలేవీ మిగలకుండా ఉత్త తెలుపైపోతోంది. పైగా ఫొటో మెత్తగా ఉంటోంది, ఎడిటింగ్‌లో షార్పెనింగ్ పెంచితే బొచ్చు గరుకుగా తేలుతోంది. చాలాకాలంగా గడ్డి మైదానాల్లో వీటినే తీస్తున్నాను కాబట్టి, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ముందు పదును గురించి. మీరు ఉదయం పదిన్నరకు, అరవై డెబ్భై మీటర్ల దూరం నుంచి తీశామన్నారు. అప్పటికే ఎండకు నేల వేడెక్కి, దాని మీద గాలి కదులుతూ ఉంటుంది. ఆ గాలిలోంచి అంత దూరం చూస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా బొచ్చును అలికేస్తుంది. వరసగా తీసిన ఫ్రేములను 100 శాతానికి పెంచి చూడండి. కొమ్ము అంచు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకరపోయి ఉంటే కారణం అదే. దీన్ని తర్వాత సరిచేసే సాఫ్ట్‌వేర్ నాకైతే కనబడలేదు. అందుకే ముఖాలను సూర్యోదయమైన తర్వాత మొదటి గంట, గంటన్నరలోనే తీసేస్తాను. ఎండ ముదిరాక మంద మొత్తం కనిపించే ఫొటోలకు మళ్లుతాను. జీపులో ఏసీ వేసుకుని కిటికీ దించి తీసినా ఇదే ఇబ్బంది వస్తుంది, ఎందుకంటే చల్లగాలీ వేడిగాలీ సరిగ్గా లెన్స్ ముందే కలుస్తాయి.

దూరం కూడా తగ్గాలి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాకు 500 ఎంఎం పెడితే 20 మీటర్ల దూరంలో ఫ్రేము సుమారు 1.4 మీటర్లు బై 0.95 మీటర్ల మేర పడుతుంది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే తల, మెడ, కొమ్ముల కొసలతో సహా హాయిగా పడతాయి. అదే 50 మీటర్లయితే 3.6 బై 2.4 మీటర్లు, ఇక క్రాప్ చేయక తప్పదు. అలాగని వెంటపడి దగ్గరికి వెళ్లకండి. అనుమతి ఉన్న దారి మీదే బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, కిటికీ మీద బీన్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చోండి. మేస్తూ మేస్తూ అవే దగ్గరికొస్తాయి. నమలడం ఆపి, తలెత్తి, రెండు చెవులూ మీ వైపు తిప్పాయంటే మీరు వాటికి టెన్షన్ పెడుతున్నారని అర్థం. కాలితో నేలను తడితే ఇంకా గట్టి హెచ్చరిక. అక్కడే ఆగిపోవాలి. బెదిరిన జంతువు ముఖం ఫొటోలో చూడగానే తెలిసిపోతుంది. నేను అలాంటి ఫొటోలు ఉంచుకోను.

ఇక ఫోకస్. ఈ జంతువుల ముఖం పొడుగు, కంటికీ ముక్కుకీ మధ్య దాదాపు జానెడు ఉంటుంది. 15 మీటర్ల దూరంలో ఎఫ్/5.6 (లెన్స్ ద్వారం కొలత, అంకె పెరిగితే ద్వారం చిన్నదవుతుంది) దగ్గర పదునుగా వచ్చే లోతు మొత్తం 30 సెంటీమీటర్లే, అందులో కంటికి ముందుండేది సగం. అందుకే అది సూటిగా మీ వైపు చూస్తే కన్ను పదునుగా ఉన్నా ముక్కు మెత్తబడుతుంది. అప్పుడు ఎఫ్/8కి వెళ్లండి, లేదా ముఖం కాస్త పక్కకు తిరిగేదాకా ఆగండి. నాకు రెండోదే ఇష్టం. కళ్లు తలకు పక్కలా ఉంటాయి కాబట్టి ముప్పావు వంతు తిరిగిన ముఖంలోనే కంటి మెరుపు బాగా పడుతుంది. నల్లటి ముఖంలో నల్లటి కన్నును కెమెరాలోని ఐ డిటెక్షన్ (కన్నును తనంతట వెతికి ఫోకస్ చేసే సదుపాయం) తరచూ పట్టుకోలేకపోతుంది. అలాంటప్పుడు ఒక్క చిన్న ఫోకస్ పాయింట్ పెట్టుకుని ఆ తెల్లటి వలయం అంచు మీద ఉంచండి. కాంట్రాస్ట్ అక్కడే ఎక్కువ, పైగా అది కంటితో దాదాపు ఒకే దూరంలో ఉంటుంది. షట్టర్ స్పీడ్ 1/800 సెకను కంటే తగ్గించను, చెవులు ఎప్పుడు విదిలిస్తాయో చెప్పలేం.

మీ అసలు సమస్యకు కారణం ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుతురు మోతాదు. ఫ్రేమంతా నల్లటి ఒళ్లే నిండితే కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగుకు తేవాలని వెలుతురు పెంచుతుంది, తెలుపు కాలిపోతుంది. ఒకసారి పూర్తిగా కాలిపోయిన తెలుపు రా ఫైల్‌లో (సెన్సార్ నమోదు చేసిన ముడి ఫైల్‌లో) కూడా తిరిగి రాదు. నలుపు మాత్రం ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) తక్కువగా ఉంటే చాలావరకు తిరిగొస్తుంది. కాబట్టి వలయానికీ గడ్డం కింది తెలుపుకూ సరిపోయేలా తీయండి. కెమెరాలో హైలైట్ హెచ్చరిక (తెలుపు కాలిపోయిన చోట తెర మీద మెరిసే గుర్తు) ఆన్ చేసి, అది ఆ తెలుపు మీద మెరవడం ఆగేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి. మీటర్ చెప్పినదానికి నాకు సాధారణంగా మైనస్ 0.7 నుంచి మైనస్ 1 మధ్య కుదురుతుంది. పల్చటి మబ్బు పట్టిన రోజు దొరికితే వదలకండి, ఆ వెలుతురులో నలుపూ తెలుపూ రెండూ నిలబడతాయి. ఆడవాటికీ పిల్ల మగవాటికీ ఒళ్లు గోధుమరంగే కనుక ఈ చిక్కు అంతగా ఉండదు.

ఎడిటింగ్‌లో మొదట నాయిస్ (ఫొటోలో కనబడే చుక్కలు) తగ్గించి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకుంటాను. ప్రొఫైల్‌ను (రంగు, కాంట్రాస్ట్‌ల తొలి అమరికను) న్యూట్రల్‌లో పెట్టండి, వివిడ్ పెడితే నలుపు మొదట్లోనే మూసుకుపోతుంది. షాడోస్‌ను (చీకటి భాగాల వెలుగును) ఫొటో మొత్తానికి కాకుండా, ముఖానికి మాస్క్ వేసి, అంటే ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, అక్కడే పెంచండి. కన్ను చుట్టుపక్కల నలుపు నుంచి విడిగా కనబడగానే ఆపేయండి. ఇంకా లాగితే ఆ నిగనిగలాడే నలుపు బురదరంగుకు తిరుగుతుంది, అప్పుడది కృష్ణజింకలా ఉండదు. గడ్డం కింద గడ్డి నుంచి పడే పచ్చఛాయ ఉంటే అక్కడ మాత్రం పచ్చ సాచురేషన్ తగ్గించండి. షార్పెనింగ్ రేడియస్ 0.8 దగ్గర ఉంచి, మాస్కింగ్ పెంచి, కంటికీ కనురెప్పలకూ కొమ్ముల మీది వలయాలకూ పరిమితం చేయండి. అంచుల కాంట్రాస్ట్ పెంచే క్లారిటీ స్లైడర్‌ను బొచ్చు మీద అసలు వాడను, మీకు గరుకుదనం తెచ్చింది చాలావరకు అదే అయి ఉంటుంది. కనుపాపను కాస్త వెలిగించడం సరే. లేని మెరుపును గీయడం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ముఖానికి అడ్డొచ్చిన గడ్డిపోచను తీసేయొచ్చా అని చివర్లో అడిగారు. ఇంట్లో గోడకు పెట్టుకునే ప్రింట్ అయితే మీ ఇష్టం. పోటీలకు పంపేదైతే వద్దు. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ లాంటి వాటిలో ఫ్రేములో ఉన్నదాన్ని తీసేయడానికి వీల్లేదు. తుది దశకు చేరితే అసలు ఫైల్ కూడా చూపించాలి, కాబట్టి రా ఫైళ్లను చెరిపేయకండి.