మార్క్ బౌచర్ కెరీర్ ఎలా ముగిసింది? బంతి కంటికి తగిలిందా?

బంతి కాదు, బెయిల్ తగిలింది: 2012 జులై 9న ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో, సోమర్‌సెట్ కౌంటీ జట్టుతో వార్మప్ మ్యాచ్‌లో స్టంప్స్ మీద నుంచి ఎగిరిన బెయిల్ (స్టంప్స్ పైన పెట్టే చిన్న చెక్కముక్క) దక్షిణాఫ్రికా వికెట్ కీపర్ బౌచర్ ఎడమ కంటికి తగలడంతో ఆ మర్నాడే రిటైర్మెంట్ ప్రకటించాడు.

స్పిన్నర్ బౌలింగ్‌కి కీపర్ స్టంప్స్ వెనకే, చేయి చాపితే అందేంత దగ్గర నిలబడతాడు, బ్యాటర్ గీత దాటితే స్టంప్ చేయాలి కాబట్టి. అంత దగ్గర్లో బెయిల్ ఎగిరిందంటే తల తిప్పుకునే టైమ్ కూడా ఉండదు. అప్పుడు బౌలర్ ఇమ్రాన్ తాహిర్, అతని గూగ్లీకి (అనుకున్నదానికి ఎదురు దిశలో తిరిగే బంతి) బ్యాటర్ బౌల్డ్ అయ్యాడు, బౌచర్‌కి హెల్మెట్ లేదు. చెక్కముక్కే కదా అనుకుంటాం గానీ, కంటికి అదే రోజు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అప్పటికి 147 టెస్టులు, కీపర్‌గా 555 వికెట్లలో పాలుపంచుకున్న రికార్డు. ఆ పర్యటనలో ఇంగ్లండ్‌తో జరగాల్సిన 3 టెస్టులూ ఆడితే 150 అయ్యేవి, ఆ పర్యటన తర్వాత ఎలాగూ తప్పుకుందామనుకున్నాడు. గ్లవ్స్ డివిలియర్స్ చేతికి వెళ్లాయి.

చాలామంది ఇది టెస్టులో జరిగిందనీ, బంతే తగిలిందనీ అనుకుంటారు. బంతి తగిలింది మన సబా కరీమ్‌కి, 2000లో ఢాకాలో, ఆసియా కప్‌లో కుంబ్లే బౌలింగ్‌కి కీపింగ్ చేస్తుండగా. రెండూ కంటి గాయాలే, రెండూ స్పిన్ బౌలింగ్‌లోనే, అందుకే కలిపేస్తుంటారు.