గద తేలిక, దెబ్బ బరువు
నాటక సామగ్రి: ప్రశ్నలూ జవాబులూ

ప్రశ్న: మా పరిషత్తు నాటకానికి ప్రాపర్టీస్ చిట్టా రాయమన్నారు. కుర్చీ, బల్ల, చేతికర్ర, కళ్లజోడు అన్నీ ఒకే జాబితాలో రాయొచ్చా? (నరసరావుపేట నుంచి)

జవాబు: రాయకండి. వస్తువును కాదు, దాన్ని ఎవరు ముట్టుకుంటారో చూసి విడగొట్టాలి. నటుడు చేత్తో వాడేది చేతి ప్రాపర్టీ. రంగం మీద కదలకుండా ఉండేది సెట్ ప్రాపర్టీ. గోడ మీద పటంలా, ఎవరూ ముట్టుకోకుండా ఇంటి వాతావరణం తెచ్చేది అలంకరణ. కళ్లజోడు, మొలలో కత్తి దుస్తులతో పాటు వెళ్తాయి. తినేవి, పగిలేవి, చింపే ఉత్తరాలు వేరే కాగితం మీద రాసి, ప్రదర్శనకు ఒకటి చొప్పున లెక్కేసి, పైన ఒకటి అదనంగా పెట్టుకోండి. రెండో అంకంలో కోపంతో ఎత్తి విసిరే కుర్చీ మాత్రం చేతి ప్రాపర్టీయే. దాని కీళ్లు రోజూ చూడాలి.

ప్రశ్న: భీముడి గద థర్మోకోల్‌తో చేశాం. బంగారు రంగు స్ప్రే చేస్తే ఉండంతా గుంటలు పడింది. రెండోది చేస్తే యుద్ధం సీనులో ఉండ ఊడి కిందపడింది. (కాకినాడ నుంచి)

జవాబు: స్ప్రే డబ్బాలో ఉండే ద్రావకం థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. రబ్బరు జిగురు, ఎనామెల్‌లో కలిపే థిన్నర్ కూడా అంతే. థర్మోకోల్‌కు తగిలేదంతా నీటితో కలిసేదై ఉండాలి, అంటే వడ్రంగులు వాడే తెల్ల జిగురే వాడాలి. కాకపోతే రెండు థర్మోకోల్ ముక్కల మధ్య దానికి గాలి తగలదు, ఆరడం ఆలస్యం. తాడుతో బిగించి ఒక రోజంతా వదిలేయండి.

ఉండ ఊడిందంటే పిడి కర్ర సగం దాకానే దిగి ఉంటుంది. అడుగు వ్యాసం ఉన్న ఉండకు నాలుగడుగుల వెదురు తీసుకుని, ఉండ పైకి రెండంగుళాలు పొడుచుకొచ్చేలా ఆరపార దించండి. కింద ఒకటి, పైన ఒకటి ప్లైవుడ్ బిళ్లలు తొడిగి, కర్రకు అడ్డంగా మేకు దిగ్గొట్టండి. అప్పుడు ఉండ జారదు, తిరగదు. పైన మిగిలిన కొనే గద మొగ్గ అవుతుంది.

తర్వాత మైదా ఉడికించిన జిగురుతో పాత పేపరు పీలికలు మూడు వరసలు అంటించండి. ఒక వరస పూర్తిగా ఆరాకే ఇంకొకటి. తొందరపడితే లోపల బూజు పడుతుంది. జిగురులో చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదు. అది విషం, పిల్లలకు అందనివ్వకండి. ఆఖరి వరస పాత పంచె గుడ్డ. దాని మీద తెల్ల ఎమల్షన్ రెండు పూతలు పడ్డాకే బంగారు రంగు. నున్నటి బంగారం దీపాల కింద తెల్లగా మెరిసిపోయి చెక్కడం కనపడదు. పల్చటి గోధుమరంగు పూసి, గుడ్డతో తుడిచేయండి. గాడుల్లో మిగిలిన రంగు చాలు, ఆఖరి వరసలో కూర్చున్న ప్రేక్షకుడికి కూడా గద లోహంలా కనిపిస్తుంది.

బరువు కిలో దాటనివ్వకండి. బరువు చూపించాల్సింది నటుడే: మోకాలు వంచి, రెండు చేతులతో, ఊపిరి బిగబట్టి ఎత్తాలి. కింద పెట్టేటప్పుడు నెమ్మదిగా ఆనించాలి. వదిలేస్తే వచ్చే డొల్ల చప్పుడుకు పద్యం తెచ్చిన గాంభీర్యమంతా పోతుంది. సినిమాలో అయితే బరువైన చప్పుడు తర్వాత కలుపుతారు, రంగస్థలానికి ఆ వెసులుబాటు లేదు.

ప్రశ్న: తల మీద సీసా పగలగొట్టే సీనుంది. పంచదారతో చేస్తారట కదా? (విశాఖపట్నం నుంచి)

జవాబు: చెయ్యొచ్చు. కిలో పంచదార, 400 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, అర లీటరు నీళ్లు కలిపి 150 డిగ్రీల సెల్సియస్ దాకా మరిగించాలి. థర్మామీటరు తప్పనిసరి, అంతకు తగ్గితే సీసా పగలదు, సాగుతుంది. సిలికాన్ అచ్చులో పోసి తిప్పుతూ, గోడకు రెండు మూడు మిల్లీమీటర్లు అంటుకోగానే మిగతాది వంచేయండి. పాకం చర్మం మీద పడితే మరిగే నీళ్ల కంటే ఘోరంగా కాలుస్తుంది, చేతి తొడుగులు వేసుకోండి.

మీ ఊళ్లో అసలు శత్రువు సముద్రపు గాలి. పంచదార తేమ పీల్చుకుని సాయంత్రానికి జిగటైపోతుంది. ప్రదర్శన రోజే చేసి, మూత బిగిసే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఈ తలనొప్పి పడలేకే సినిమావాళ్లు రెజిన్ (సులువుగా పగిలే ప్లాస్టిక్ లాంటిది) సీసాలకు మారారు. దేనితో చేసినా పెంకులకు అంచు ఉంటుంది. తల మీద వద్దు, వీపు వైపు భుజం మీద కొట్టించండి. ప్రేక్షకుడికి తేడా తెలియదు, కంటికి ప్రమాదం తప్పుతుంది.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్‌లో సూట్‌కేసు నిండా 500 నోట్లు చూపించాలి. కలర్ ప్రింట్లు తీయొచ్చా? (వరంగల్ నుంచి)

జవాబు: వద్దు. నోటును పోలిన కాగితం తయారుచేయడమే నేరం. తెల్ల కాగితాన్ని 66 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవున కోసి, వంద ముక్కల కట్టకు పైన ఒక్కటే అసలు నోటు పెట్టండి. కెమెరాకు తెల్ల అంచులు పట్టిస్తాయి కాబట్టి, కట్ట బిగించాక అంచుల మీద పల్చటి టీ డికాక్షన్ బ్రష్‌తో రాసి ఆరనివ్వండి. పై వరస కట్టలకే అసలు నోట్లు కావాలి; కింది వరసలకు అక్కర్లేదు. షాట్ అవగానే నోట్లు లెక్కపెట్టే బాధ్యత ఒక్కరికే అప్పగించండి.