కంపెనీకి తాళం వేస్తే మూసేసినట్టు కాదు

తమ్ముడూ, "బెంగళూరులో ఆఫీసు ఖాళీ చేశాం, ప్రైవేట్ లిమిటెడ్‌ని అలాగే వదిలేస్తే ఏమవుతుంది అన్నా?" అని అడిగావు. అలా మాత్రం వదిలేయకు. 2019లో మారతహళ్లిలో మా కంపెనీని నేనూ మా అనంతపురం స్నేహితుడూ అలాగే వదిలేశాం. వ్యాపారం ఆగింది గానీ ఫైన్ ఆగలేదు. ఏటా వేయాల్సిన లెక్కల ఫారం, వార్షిక రిటర్ను ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. రెంటికీ ఏడాది దాటితే 73,000! వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లుగా ఐదేళ్లు పనికిరాకుండా పోతారు.

కంపెనీని మూయాలంటే ప్రభుత్వ రిజిస్టరులోంచి దాని పేరు కొట్టేయించుకోవాలి. అందుకు ముందు బాకీలు తీర్చండి: జీతాలు, అద్దె, పన్నులు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌ని విడిగా రద్దు చేయించుకోవాలి. బ్యాంకు ఖాతా కూడా మూసేయాలి. వ్యాపారం ఆగి రెండు ఆర్థిక సంవత్సరాలు గడవాలి. అసలు మొదలే పెట్టకపోతే కంపెనీ పుట్టి ఏడాది దాటితే చాలు.

తర్వాత డైరెక్టర్లు బోర్డు మీటింగులో తీర్మానం చేయాలి. ఆపైన వాటాదారుల వంతు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. చెల్లించిన మూలధనంలో 75 శాతం వాటా ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. నీకూ నీ పార్ట్‌నర్‌కీ వాటాలు 60:40 అన్నావు కదా, నువ్వొక్కడివే మూయలేవు. మీ ఇద్దరికీ మాటలున్నప్పుడే ఈ పని కానిచ్చేయండి.

నోటరీ దగ్గర ప్రతి డైరెక్టరూ ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం తేలితే మేమే భరిస్తాం అనే హామీ పత్రం), అఫిడవిట్ ఇవ్వాలి. చివరికి మా కంపెనీని మూసేటప్పుడు కోరమంగలలో మా అనంతపురం స్నేహితుడు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. కంపెనీ పోయాక బాకీ బయటపడితే మనదే బాధ్యత అన్న వాక్యం మీద వేలు పెట్టి, "ఆ ప్రింటర్ అద్దె కట్టామా?" అన్నాడు. కట్టలేదు. అది కట్టి, రసీదు ఫైల్లో పెట్టాకే ఇద్దరం సంతకాలు చేశాం.

చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించిన లెక్కలు 30 రోజులకు మించి పాతవి కాకూడదు. అవన్నీ జతచేసి, పేరు కొట్టేయమని అడిగే ఎస్‌టీకే-2 ఫారం, 10,000 ఫీజుతో ఆన్‌లైన్‌లో వేయాలి. 2023 మే నుంచి ఈ దరఖాస్తులు చూసేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న సీ-పేస్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం. అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చి, ఏమీ రాకపోతే పేరు కొట్టేసి గెజిట్‌లో వేస్తారు.

ఆస్తులు, అప్పులు పెద్దవైతే ఇది సరిపోదు. అప్పులన్నీ తీర్చే స్తోమత ఉంటే, ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్‌ని పెట్టి దివాలా చట్టం 59వ సెక్షన్ కింద కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్ దాకా వెళ్లాలి. మీకు అంత అవసరం లేదనుకుంటా. ఈ ఆదివారం ఇద్దరూ బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకుని మా ఇంటికి రండి, బాకీల లిస్టు కలిసి రాద్దాం.