చదవడం నేర్పడం తెలుగు సారు ఒక్కరి పని కాదు

నల్లగొండ

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

ఎనిమిదో తరగతి పిల్లలు సోషల్ పుస్తకంలో ఒక్క పేరా కూడా కుదురుగా చదవలేకపోతున్నారనీ, ఆ మాట ఎత్తితే స్టాఫ్‌రూంలో అందరూ తెలుగు సారు వైపు చూస్తున్నారనీ రాశావు. తెలుగు సారు కథ, పద్యం, వ్యాసం చదవడం నేర్పుతారు. ప్రయోగం ఎలా చదవాలో, లెక్క ఎలా చదవాలో, మ్యాపు ఎలా చదవాలో ఆయన పీరియడ్‌లోకి రాదు. ఏ సబ్జెక్టు వాక్యాన్ని ఆ సబ్జెక్టు టీచరే విప్పి చూపాలి. పిల్లలకు చదవడం, రాయడం గాడిన పెట్టే పని హెడ్‌మాస్టర్ నీకు అప్పజెప్పారు కాబట్టి ముందు ఈ సంగతి అందరి చేతా ఒప్పించు. మిగతావి తర్వాత.

అసలు లోపం మన దగ్గరే ఉంది బిడ్డా. మనం పాఠం మరీ బాగా చెప్తాం. మొత్తం నోటితో చెప్పేసి, బోర్డు మీద జవాబులు రాసి ఎక్కించుకొమ్మంటాం. మిగిలింది గైడు చూసుకుంటుంది. పిల్లకు పుస్తకం తెరవాల్సిన అవసరమే రాదు. పీరియడ్‌లో పది నిమిషాలు చదవడానికి, చివరి ఐదు నిమిషాలు రాయడానికి కేటాయించి, చెప్పడం ఆ మేరకు తగ్గించు. సిలబస్ వెనకపడుతుందని అంటారు. మొదటి నెల కొంత వెనకపడుతుంది కూడా. చదవడం వచ్చిన పిల్లలకు తర్వాతి పాఠాల్లో సగం చెప్పక్కరలేదు, ఆ సమయం అక్కడ తిరిగొస్తుంది.

మొదటి వారం ఎవరు ఎక్కడున్నారో చూసుకో. తెలుగు వాచకం వద్దు, వాళ్ళ సైన్సు పుస్తకంలోంచే వంద మాటల పేరా తీసుకో. ఒక్కొక్కరిని వరండాలోకి పిలిచి చదివించు, తరగతి ముందు వద్దు. చదివాక పుస్తకం మూసి "ఏం చెప్పారు ఇందులో?" అని అడుగు. రోజుకు ఎనిమిది మంది అనుకుంటే నలభై మంది ఐదు రోజుల్లో అయిపోతారు. మూడు రకాలు తేలతారు. ఒత్తులు, గుణింతాల దగ్గరే ఆగిపోయేవాళ్ళు కొందరు. గడగడా చదివి ఏమీ చెప్పలేనివాళ్ళు ఎక్కువ మంది. చదివి చెప్పగలరు గానీ రాయలేనివాళ్ళు ఇంకొందరు. మొదటి రకానికి బడి మొదలయ్యే ముందో సాయంత్రమో అరగంట విడిగా కావాలి, సబ్జెక్టు పీరియడ్‌లో వాళ్ళ పని తీరదు. రెండో రకాన్ని మనం గుర్తుపట్టం, ఎందుకంటే వాళ్ళ గొంతు బాగుంటుంది. ఇంకో మాట. పిల్ల "శక్తి"ని "సక్తి" అన్నా, "బాష్పం"ని "భాష్పం" అన్నా దాన్ని చదవడంలో తప్పుగా లెక్కపెట్టకు. ఉచ్చారణ వేరు, అర్థం కావడం వేరు.

ఒకరి తర్వాత ఒకరిని లేపి తలా ఒక పేరా బిగ్గరగా చదివించే అలవాటు మాన్పించు. తన వంతు పేరా ఏదో లెక్కపెట్టుకోవడంలోనే పిల్ల ఉంటుంది, మిగతాది వినదు. అందరితో కలిపి చదివిస్తే రానివాళ్ళు గుంపులో దాక్కుంటారు. పెన్సిల్ చేతికిచ్చి మూడు నిమిషాలు మౌనంగా చదవమను.

పెన్సిల్‌తో ఏం చేయాలో చెప్పాలి గదా. మన జిల్లాకే చెందిన ఒక పేరా చూడు: "లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములకు మించితే అది ఆరోగ్యానికి హాని చేస్తుంది. చిన్నతనంలో ఇలాంటి నీరు తాగితే పళ్ళపై మరకలు ఏర్పడతాయి. ఏళ్ళ తరబడి తాగినందువల్ల ఎముకల్లో ఫ్లోరైడ్ చేరి అవి వంగిపోతాయి. నీటికి సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించవచ్చు." మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ముందు దాని కింద గీత గీయమను. తర్వాత మధ్యలోని "తే", "వల్ల", "కలిపి" లాంటివాటికి చుట్టూ సున్నా పెట్టించు. సైన్సు తెలుగులో అర్థమంతా ఈ చిన్న ముక్కల్లోనే ఉంటుంది. "వేడిచేసి" అంటే ఒక పని చేసి ఇంకోటి చేయడం. "వేడిచేస్తే" అంటే షరతు. "వేడిచేయగా" అంటే చేశాక జరిగింది చెప్తున్నారు. పిల్లలు మూడింటినీ ఒకేలా చదివేస్తారు, అందుకే కారణం రాయమంటే ఫలితం రాస్తారు. మూడో పని, "అది", "అవి" దగ్గర ఆగి, ఏది, ఏవి అని బాణం గీయించడం. పై పేరాలో "అవి" అంటే ఎముకలు. పళ్ళు అనేవాళ్ళు కనీసం పది మంది ఉంటారు, చూడు.

ఆ తర్వాత మూడు ప్రశ్నలు చాలు. ఒకటి పుస్తకంలో ఉన్నది: ఎన్ని మిల్లీగ్రాములు దాటకూడదు? రెండోది రెండు వాక్యాలు కలిపితే గానీ రానిది: పెద్దయ్యాక ఆ ఊరికి కాపురానికొచ్చిన కోడలికి పళ్ళ మీద మరకలు ఎందుకు ఉండవు? పళ్ళు తయారయ్యే వయసు దాటిపోయింది కాబట్టి. మూడోది ఊళ్ళోంచి తేవాల్సింది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ సున్నం, పటిక పద్ధతికి నల్లగొండ పేరే ఉందని చెప్పు, ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో, అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కుని రమ్మను.

మాటల విషయం. పాఠానికి ఐదుకు మించి కొత్త పదాలు పెట్టుకోకు. మూడు ముందే విప్పి చెప్పు, రెండు వాళ్ళకే వదిలెయ్యి. "అవక్షేపం అంటే ప్రెసిపిటేట్" అని రాయిస్తే తెలియని మాటకు ఇంకో తెలియని మాటను అర్థంగా రాసుకున్నట్టే. "క్షేప" అంటే విసరడం అని ఒక్కసారి చెప్పు. అవక్షేపం కిందికి దిగిపోయింది, విక్షేపణం విడివిడిగా విసిరింది, పరిక్షేపణం చుట్టూరా వెదజల్లింది, ప్రక్షేపకం ముందుకు విసిరినది. సోషల్‌లో ఖనిజ నిక్షేపాలు వస్తాయి, అదీ ఈ ఇంటిదే. సైన్సు మేడమూ నువ్వూ ఈ ఒక్క మాటను ఒకే వారంలో పట్టుకుంటే పిల్లలకు రెండు పుస్తకాల మధ్య తలుపు తెరుచుకుంటుంది. సమద్విబాహు, వక్రీభవనం, ద్వీపకల్పం లాంటివన్నీ ఇలాగే విప్పదగ్గవే.

ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు పుస్తకాలు కదా. ఇంగ్లిషు వాక్యం చదివి, తెలుగు చెప్పి, మళ్ళీ ఇంగ్లిషు చదివే పద్ధతిలో పిల్ల రెండూ చదవదు, టీచర్ నోటి వంకే చూస్తుంది. ముందు తెలుగు పేజీ మౌనంగా చదివించు. తర్వాత ఇంగ్లిషు పేజీలో అదే పేరా చూపించి, ఇందాకటి ఐదు మాటలు అక్కడ ఎక్కడున్నాయో వెతకమను. దొరికాయంటే వాక్యం సగం దొరికినట్టే.

లెక్కల సారుతో వాదన పెట్టుకోకు. "మా సబ్జెక్టులో చదివేదేముందమ్మా" అంటారు. వారానికి రెండు రాత లెక్కలు ఇవ్వమను, చాలు. ఇలాంటిది: "ఒక రైతు 6 ఎకరాల్లో ఎకరానికి 100 చొప్పున బత్తాయి మొక్కలు నాటాడు. వాటిలో పదో వంతు ఎండిపోయాయి. మిగిలినవాటికి ఒక్కోదానికి రోజుకు 40 లీటర్ల చొప్పున నీరు పెడితే వారానికి ఎన్ని లీటర్లు కావాలి?" మొదటిసారి పెన్ను ముట్టకుండా చదివి, అంకెలు లేకుండా కథ చెప్పాలి: తోట పెట్టాడు, కొన్ని పోయాయి, ఉన్నవాటికి నీళ్ళు పెట్టాలి. రెండోసారి అడిగిందేమిటో ఒక్క ముక్కలో రాయాలి. మూడోసారే అంకెలు. చాలామందికి 1,68,000 వస్తుంది, సరైనది 1,51,200. "పదో వంతు" అక్షరాల్లో ఉంది కాబట్టి పిల్లల కన్ను దాన్ని దాటేసింది. అక్కడ పోయింది లెక్క కాదు, చదవడం. "చొప్పున" అంటే గుణించు, "మిగిలిన" అంటే తీసివెయ్యి అని సూత్రంలా మాత్రం నేర్పొద్దని చెప్పు. రెండో లెక్కకే అది బెడిసికొడుతుంది. జవాబును పూర్తి వాక్యంలో రాయించాలి, కింద గీత గీసిన అంకె చాలదు.

నీ సబ్జెక్టు సోషల్‌కొస్తే, నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, కాలువలకు నీటి విడుదల 1967 ఆగస్టు 4న అని రెండు తేదీలు బట్టీ పట్టించడం తేలిక. మధ్యలో ఎన్నేళ్ళు, అన్నేళ్ళు ఎందుకు, ఆ నీళ్ళు ఎవరి పొలానికి వచ్చాయి, ఎవరి ఊళ్ళు మునిగాయి అని అడిగితే పేరా మళ్ళీ చదవక తప్పదు. మ్యాపులో ఎడమ కాలువ ఏదంటే పిల్లలు కాగితానికి ఎడమ వైపు వెతుకుతారు. నది పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే వచ్చే ఎడమ అది, అందుకే అది మన వైపు ఉంటుంది. తరగతిలో ఒకణ్ణి నదిలా నిలబెట్టి చూపించు, మళ్ళీ మర్చిపోరు. పెద్ద తరగతులకు హైదరాబాద్ సంస్థానంలోకి భారత సైన్యం వచ్చిన 1948 సెప్టెంబరు తీసుకో. ఒకరు పోలీసు చర్య అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒకరు విమోచనం అంటారు. ఏది సరైనదని తీర్పు చెప్పకు. ఒక్కో మాట వాడినవాళ్ళు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో అడుగు. చరిత్ర చదవడం అక్కడే మొదలవుతుంది.

రాత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్ని బళ్ళలోనూ పాడైంది ఇదే. ల్యాబ్ రికార్డులు నలభై తెరిచి చూడు, నలభై ఒకటే. సైన్సు మేడంతో ఇది చేయించు: చెరువు నీళ్ళో, మట్టి కలిపిన నీళ్ళో రెండు గాజు గ్లాసుల్లో పోయాలి. ఒకదానిలో చిన్న పటిక ముక్క తిప్పి తీసేయాలి. ఇరవై నిమిషాలు కదపొద్దు. "చూసింది" ఒక వైపు, "అనుకుంటున్నది" ఇంకో వైపు అని పేజీని రెండుగా గీయించాలి. "అడుగున మడ్డి చేరింది, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి" మొదటి వైపు. "నీళ్ళు శుభ్రమయ్యాయి" అని కూడా అక్కడే రాస్తారు, అది చూసింది కాదు. "ఫ్లోరైడ్ పోయింది" అని రాసినవాళ్ళను ఎలా తెలిసిందని అడగాలి. కంటికి కనపడనిది, పరీక్ష చేస్తే గానీ తెలియదు. పరిశీలనకూ నిర్ధారణకూ తేడా ఇంత దగ్గరగా ఏ నిర్వచనమూ చూపదు.

పిల్లలు "నీళ్ళు తేటగ అయినయ్", "గిట్ల తిప్పిండు" అని రాస్తారు. ఎర్ర పెన్ను తీయకు. మొదటిసారి విషయం మాత్రమే చూడు. రెండోసారి రాసేటప్పుడు బోర్డు మీద రెండు వరుసలు వేసి, అయినయ్ పక్కన అయ్యాయి, తిప్పిండు పక్కన తిప్పాడు, ఎట్ల పక్కన ఎలా అని పెట్టు. ఇంటి మాట, పుస్తకం మాట, అంతే. తప్పు, ఒప్పు అనే పేర్లు వద్దు. ఇంటి మాటను తప్పన్నరోజు నుంచి పిల్ల గైడులోంచే ఎక్కిస్తుంది.

దిద్దడానికి భయపడకు. పీరియడ్ చివర మూడు వాక్యాలే కాబట్టి రోజుకు ఎనిమిది నోటుబుక్కులు చాలు, అందరివీ వారంలో ఒకసారి వస్తాయి. ఒక వారం ఒకటే లోపం చూడు: ఈ వారం కారణం రాశారా, వచ్చే వారం వాక్యం పూర్తయిందా. "గుడ్" అని రాసి సంతకం పెట్టే బదులు ఒక ప్రశ్న రాయి, మరుసటి రోజు దాని కింద ఒక వాక్యం రాయమను. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) 20 మార్కుల్లో రాతపనులకు 5 ఉన్నాయి కదా, గైడు జవాబుకు అందులో సగం కూడా ఇవ్వకూడదని స్టాఫ్ అంతా ఒక మాట మీద ఉండాలి. ఒక్కరు సడలించినా పిల్లలకు తెలిసిపోతుంది.

పదో తరగతితో మొదలుపెట్టకు. అక్కడ అందరి ప్రాణం పరీక్షల మీద ఉంటుంది, నిన్ను విసుక్కుంటారు. ఎనిమిదో తరగతి ఒక సెక్షన్ తీసుకో, నువ్వు, సైన్సు మేడం, లెక్కల సారు ముగ్గురు చాలు. దసరా సెలవులకు వారం ముందు ఆ వంద మాటల పేరానే మళ్ళీ వరండాలో చదివించి, మొదటి వారం రాసుకున్న కాగితం పక్కన పెట్టి చూసుకో. సెలవులకు వచ్చేటప్పుడు ఆ కాగితం, బాగా రాసేవాళ్ళవి కాకుండా మధ్యరకం పిల్లల నోటుబుక్కులు రెండు పట్టుకుని రా. అత్తమ్మ సర్వప్పలు చేస్తానంటోంది.

ఇట్లు
మామయ్య