టాలిన్‌లో అరకు కాఫీ: వేయించి తెప్పిస్తే మిగిలేదెంత?

ప్రశ్న: ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా బాబాయి విశాఖలో చిన్న కాఫీ రోస్టరీ (గింజలు వేయించే యూనిట్) నడుపుతున్నారు. ఆయన దగ్గర వేయించిన అరకు గింజలు 300 కిలోలు తెప్పించి, ఇక్కడి షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ అమ్మాలని ఉంది. పెట్టుబడికి నాన్నగారు తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోని 15 లక్షలు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా? ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉద్యోగం మానొద్దు. నాన్నగారి డిపాజిట్ జోలికి అసలే వెళ్లొద్దు. వ్యాపారం వద్దని అనను గానీ, మీరు అనుకున్న పద్ధతిలో మాత్రం వద్దు.

యూరోపియన్ యూనియన్‌లోకి పచ్చి కాఫీ గింజలు తెస్తే కస్టమ్స్ సుంకం లేదు. అవే గింజలను వేయించి తెస్తే సాధారణ సుంకం 7.5 శాతం. ఈ ఒక్క తేడాతోనే మీ లెక్క సగం మారిపోతుంది. యూరో వంద రూపాయలనుకుని చూద్దాం. కింద చెప్పే కొనుగోలు, రవాణా ధరలు నేను ఊహించి వేసినవే. కొటేషన్లు వచ్చాక మీ అంకెలు పెట్టుకోండి.

పావుకిలో ప్యాకెట్ 10 యూరోలకు అమ్మారనుకోండి. ఎస్టోనియాలో 2025 జులై నుంచి వ్యాట్ 24 శాతం. అది పోగా ప్యాకెట్‌కు 8 యూరోల చిల్లర, అంటే కిలోకు 32 వస్తాయి. బాబాయిగారు కిలో 1,300 రూపాయలకు ఇస్తే 13 యూరోలు. విమానంలో తెప్పిస్తే ఇంకో 5. ఆ మొత్తం మీద సుంకం 1.35. క్లియరెన్స్, ల్యాబ్ పరీక్షలకు 2, ప్యాకింగ్‌కు 2. మొత్తం 23 దాటింది. షాపువాళ్లు తమ మార్జిన్ ఉంచుకుని ప్యాకెట్‌కు అయిదున్నర ఇస్తే మీ చేతికి వచ్చేది కిలోకు 22, అంటే అమ్మిన కొద్దీ నష్టమే. ఆన్‌లైన్‌లో అయితే, రెండేసి ప్యాకెట్ల పార్సిల్‌కు 3 యూరోలు పోగా, కిలోకు మూడు మిగులుతాయి. మొత్తం 300 కిలోలూ అమ్ముడైతే వచ్చేది 900 యూరోలు. దీనికోసం ఉద్యోగం మానేస్తారా?

ఓడలో పంపితే ఖర్చు తగ్గుతుంది గానీ నెల దాటిపోతుంది. ప్యాకెట్‌కు 10 యూరోలు పెట్టే మనిషి ముందు చూసేది గింజలు వేయించిన తేదీనే.

ఇప్పుడు పచ్చి గింజల లెక్క. కిలో 700 రూపాయలు, ఓడ ఖర్చు ఒకటిన్నర యూరో, మొత్తం ఎనిమిదిన్నర. వేయిస్తే బరువు సుమారు 16 శాతం తగ్గుతుంది కాబట్టి వేయించిన కిలోకు పడేది 10. టాలిన్‌లోనే ఎవరైనా రోస్టర్‌కు కిలోకు 4 ఇచ్చి వేయించుకుంటే, మిగతా ఖర్చులతో కలిపి 18 అవుతుంది. షాపుకు వేస్తే కిలోకు 4, ఆన్‌లైన్‌లో 8 మిగులుతాయి. బాబాయిగారికి వేయించే పని పోతుందని చిన్నబుచ్చుకోవచ్చు. సరఫరా ఆయనదేనని సర్దిచెప్పండి. ఎగుమతి చేయాలంటే ఆయన కాఫీ బోర్డులో నమోదు కావాలి. ఏ తోటల నుంచి కొంటున్నారో వాటి జీపీఎస్ వివరాలు కూడా ఇప్పటినుంచే రాసిపెట్టుకోమనండి. అడవులు నరికిన భూమిలో పండించలేదని రుజువు చూపాలన్న ఈయూ నిబంధన రెండుసార్లు వాయిదా పడింది. తాజా గడువు ప్రకారం చిన్న సంస్థలకు అది 2027 జూన్ చివర్లో వర్తిస్తుంది.

పరీక్షల ఖర్చు తగ్గించాలని చూడకండి. వేయించిన కాఫీలో ఆక్రాటాక్సిన్ అనే బూజు విషం కిలోకు 3 మైక్రోగ్రాములు మించితే సరుకు అమ్మడానికి వీల్లేదు. లేబుల్ ఎస్టోనియన్ భాషలో ఉండాలి. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు వాడేలా ఇచ్చే రక్షణ) వచ్చింది కాబట్టి ఆ పేరును ప్యాకెట్ మీద వేసే ముందు వాడుకునే హక్కు బాబాయిగారికి ఉందో లేదో చూడండి.

ఇక డబ్బు. నాన్నగారు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు, కాబట్టి చట్టం అడ్డు రాదు. కానీ 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. 15 లక్షలు పంపితే లక్ష రూపాయలు, రిటర్న్ వేసేదాకా ఇరుక్కుపోతాయి. అంతకంటే పెద్ద అభ్యంతరం నాకొకటుంది. రిటైరయిన మనిషి వైద్యానికీ నెల ఖర్చులకూ పెట్టుకున్న డబ్బును గిరాకీ తెలియని సరుకులో పెట్టకూడదు. మీ ఆరు నెలల ఖర్చులు బ్యాంకులో పక్కన పెట్టుకున్నాక, మీ పొదుపులోంచే తీయండి.

ఎస్టోనియా జనాభా 14 లక్షల లోపే, విశాఖ నగరం కంటే తక్కువ. షాపుల్లో ఫిన్లాండ్ కంపెనీ పౌలిగ్, స్వీడన్ కంపెనీ లోఫ్‌బెర్గ్స్ ఎప్పటినుంచో పాతుకుపోయాయి. అందుకే 300 కిలోలతో మొదలుపెట్టకండి. ఇప్పటికే యూరప్‌లోకి దిగుమతైన భారతీయ కాఫీ పచ్చి గింజలు ఒక్క 60 కిలోల బస్తా కొనండి. కస్టమ్స్ టెన్షన్ ఉండదు. స్థానిక రోస్టర్‌తో వేయించి, ఆహార వ్యాపారానికి కావలసిన నమోదు చేసుకుని, మీ ఆఫీసు వాళ్లకూ నాలుగైదు కేఫ్‌లకూ అమ్మిచూడండి. వ్యాట్ నమోదు 40,000 యూరోల టర్నోవర్ దాకా తప్పనిసరి కాదు. సొంతంగా దిగుమతి మొదలుపెట్టాక మాత్రం చేయించుకోండి, లేకపోతే దిగుమతి మీద కట్టిన వ్యాట్ వెనక్కి రాదు. అక్కడి కంపెనీలకు లాభాన్ని డివిడెండ్‌గా తీసుకునేదాకా ఆదాయపన్ను ఉండదు, కాబట్టి వచ్చినదాన్ని మళ్లీ సరుకులోనే పెట్టండి.

మూడు నెలల్లో బస్తా ఖాళీ అయి, కొన్నవాళ్లలో మూడో వంతు మంది మళ్లీ అడిగితే, అప్పుడు బాబాయిగారికి పచ్చి గింజల ఆర్డర్ పెట్టండి. అడగకపోతే మీకు పోయేది నా అంచనాలో 1,500 యూరోల లోపే.